సంఘంలో ఒకరి మీద మాట వచ్చినప్పుడు న్యాయంగా తీర్పు చెప్పడం ఎలా

సంఘంలో ఎవరి నోరైనా మూయించాలంటే మత్తయి 7:1 చాలు. "మీరు తీర్పు తీర్చకుడి, అప్పుడు మిమ్మునుగూర్చి తీర్పు తీర్చబడదు." తప్పు చేసినవాడూ ఇదే వాక్యం చదువుతాడు. చూసీ చూడనట్టు పోదామనుకునే పెద్దమనిషీ ఇదే చదువుతాడు. అదే అధ్యాయం కాస్త కిందికి చదివితే అబద్ధ ప్రవక్తల విషయంలో జాగ్రత్తపడమని ఉంది, ఫలాలను బట్టి చెట్టును తెలుసుకోమని ఉంది. పరీక్షించకుండా ఎలా తెలుస్తుంది? దూలం సంగతి కూడా సగమే చెబుతుంటారు. ముందు మన కంట్లో దూలం తీసుకుని, ఆ తర్వాత తేటగా చూసి సహోదరుడి కంట్లో నలుసు తీయమన్నాడు ప్రభువు. నలుసును అలాగే వదిలేయమనలేదు. యోహాను 7:24లో ఇంకా సూటిగా ఉంది: "వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి."

నేను ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలు పక్కన ఒక బాప్టిస్టు సంఘానికి సెక్రటరీని. డిపోలో ఒక కండక్టరు మీద పది రూపాయల టికెట్ కేసు వచ్చినా ఛార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, ఎంక్వైరీలో అతని మాట వినాలి. పది రూపాయలకు అంత తంతు. సంఘంలో మాత్రం మనిషి పరువు పోయే విషయాన్ని ఆరాధన అయ్యాక వరండాలో చెప్పులు వేసుకుంటూ తేల్చేస్తాం. ఆ తేడా చూసి చూసి, కమిటీలో కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పే విషయాలు ఇవి. కమిటీలో లేనివాళ్లకూ పనికొస్తాయి. తీర్పులు ఎక్కువగా జరిగేది కమిటీ బయటే కదా.

చూశారా, విన్నారా?

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి ఫలానా అతను ఇలా చేశాడట అంటే, ఆ "అట" దగ్గరే ఆపండి. "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. కోపంగా వద్దు, మామూలుగానే అడగండి. "లేదండీ, మా తోడికోడలు చెప్పింది" అంటారు. ఆవిడకు ఎవరు చెప్పారో కూడా అడగండి. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి చాలా మాటలు ఆవిరైపోతాయి. మిగిలినదాన్ని కాగితం మీద రాయండి: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు. రాయమనగానే సగం మంది "పోనీలెండి అన్నయ్యా, మనకెందుకు" అని లేచిపోతారు. వాళ్లు పోవడమే మంచిది.

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలో ఉంది. ఒకే మనిషి దగ్గర విని పదిమంది చెబితే వాళ్లు పదిమంది సాక్షులు కారు. ఒక్క సాక్షి, పది నోళ్లు.

ఇక మన వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక దారి ఉంది. "ప్రార్థన అంశం." చాడీ అంటే తప్పు కాబట్టి ప్రార్థన అంశం అంటాం. "అక్కా, ఫలానా వాళ్ల అమ్మాయి కోసం భారంగా ప్రార్థన చేయండి, వివరాలు అడగొద్దు" అని ఉపవాస కూటంలో చెబుతారు. వివరాలు అడగొద్దన్న తర్వాత అడగనివాళ్లు ఎవరు? సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతుంటాయి. నేను మా సంఘంలో పెట్టిన రూలు ఇది: ఆ మనిషి ఒప్పుకుంటేనే పేరు చెప్పాలి. లేకపోతే దేవునికి చెప్పండి, ఆయనకు పేరు తెలుసు.

కోత పండుగ లెక్క

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా సంఘాల్లో గొడవ ఇక్కడే పుడుతుంది. పంట ఇళ్లకు చేరాక కోత పండుగ చేస్తాం. శనగల బస్తా, మిరపకాయలు, గుమ్మడికాయ, కోడిపుంజు, అరటిగెల, ఎవరో అక్క చేసిన అరిసెలు అన్నీ బల్ల ముందు పెడతారు. ఆరాధన తర్వాత వేలంపాట. గుమ్మడికాయ రెండు వేలు పలుకుతుంది. ప్రభువు పని కోసం కదా, పంతం మీద పాడతారు. చివర్లో మైకులో ప్రకటిస్తారు: మొత్తం లక్షా పన్నెండు వేలు. అందరూ చప్పట్లు కొడతారు.

రెండు నెలల తర్వాత ఎవరో బ్యాంకు పాసుపుస్తకం చూస్తారు. అందులో పడింది డెబ్బై ఒక్క వేలు. ఇంకేముంది, "నలభై వేలు ట్రెజరర్ తినేశాడు." ఆ మధ్యే ఆయన ఇంటికి రంగులు వేయించాడు కాబట్టి సాక్ష్యం కూడా దొరికినట్టే.

ఇలాంటప్పుడు ముందు వెళ్లాల్సింది ట్రెజరర్ దగ్గరికే. పాస్టరుగారి దగ్గరికి కాదు, గ్రూపులోకి అసలే కాదు. మత్తయి 18:15 చెప్పేది అదే, నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు అని. ఇద్దరే కూర్చోండి. "అన్నయ్యా, నీ మీద ఇలా మాట వచ్చింది. నాకు లెక్క అర్థం కావడం లేదు, కాస్త చూపిస్తావా" అనండి. వేలంపాట రాసిన నోటుపుస్తకం తెప్పించండి. పేరు, వస్తువు, పలికిన ధర, చెల్లించారా లేదా, ఒక్కో వరస మీద వేలు పెట్టి చదవండి. అప్పుడు తెలుస్తుంది: పండక్కి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వచ్చిన పిల్లలు ఉత్సాహంగా పాట పాడి, "అంకుల్, ఫోన్‌పే చేస్తాను" అని బస్సెక్కేశారు. ఊళ్లోవాళ్లు కొందరు పొగాకు డబ్బు రాగానే ఇస్తామన్నారు. మైకులో చదివింది పాడిన మొత్తం. బ్యాంకులో పడింది చేతికొచ్చిన మొత్తం. బాకీదార్ల పేర్లు బయటపెడితే వాళ్ల పరువు పోతుందని ట్రెజరర్ నోరు విప్పలేదు.

ఇక్కడితో ఆపేసి "ఆయన దేవుడులాంటి మనిషి, అనవసరంగా అన్నారు" అంటే అదీ న్యాయమైన తీర్పు కాదు. ఆయన దొంగ కాదు. కానీ రసీదులు ఇవ్వలేదు, బాకీ మొత్తం ఎంతో నోటీసు బోర్డులో పెట్టలేదు, పాసుపుస్తకంలో పద్దులు ఎవరికీ వివరించలేదు. అది అజాగ్రత్త. దొంగతనానికి ఒక మాట, అజాగ్రత్తకు ఒక మాట ఉండాలి. రెండూ కలిపేస్తే ఒకసారి అమాయకుడు దొంగవుతాడు, ఇంకోసారి దొంగ అమాయకుడవుతాడు. ఏ మేరకు తప్పు తేలిందో ఆ మేరకే చెప్పండి, అంగుళం ఎక్కువ వద్దు.

దావీదు తొందర

ఒక పక్షమే విని తీర్పు చెప్పకూడదని సామెతలు 18:17లో ఉంది. వాది మాట న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుంది. దీనికి బైబిల్లో నాకు కనిపించిన పెద్ద ఉదాహరణ సీబా కథ. ఆదివారం ప్రసంగాల్లో ఇది పెద్దగా వినం.

2 సమూయేలు 16వ అధ్యాయం. దావీదు రాజు తన కొడుకు అబ్షాలోము దెబ్బకు యెరూషలేము విడిచి పారిపోతున్నాడు. ఆకలి, అలసట, కన్నకొడుకు చేసిన మోసం. కొండ దాటగానే సీబా ఎదురొచ్చాడు, గాడిదల మీద రెండు వందల రొట్టెలు, ద్రాక్షగెలలు, ద్రాక్షారసపు తిత్తి వేసుకుని. దావీదుకు ముందు రాజుగా ఉన్న సౌలు మనవడు మెఫీబోషెతు దగ్గర పనివాడు ఇతను. నీ యజమాని ఎక్కడ అని అడిగితే, తాతగారి రాజ్యం తనకు తిరిగొస్తుందని యెరూషలేములోనే కూర్చున్నాడన్నాడు. దావీదు అక్కడికక్కడే చెప్పేశాడు: మెఫీబోషెతుకు ఉన్నదంతా ఇక నీదే.

ఎన్ని తప్పులు జరిగాయో చూడండి. చెప్పినవాడికి ఆ తీర్పు వల్ల ఆస్తి వస్తుంది. అతను చేతినిండా కానుకలతో వచ్చాడు. విన్నవాడి మనసు అప్పటికే గాయపడి ఉంది, ఎవరు మోసం చేశారన్నా నమ్మే స్థితిలో ఉన్నాడు. ఎవరి మీద మాట వచ్చిందో ఆ మనిషి అక్కడ లేడు, రెండు కాళ్లూ కుంటి కాబట్టి వెంటనే రానూ లేడు.

19వ అధ్యాయంలో దావీదు తిరిగొస్తుంటే మెఫీబోషెతు ఎదురొచ్చాడు. రాజు వెళ్లిన రోజు నుంచి కాళ్లు శుభ్రం చేసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. గాడిద ఎక్కి వద్దామనుకుంటే పనివాడే మోసం చేశాడన్నాడు. ఇప్పుడు దావీదు ఏం చేయాలి? సీబాను పిలిచి ఎదురెదురుగా అడగాలి. అడగలేదు. ఇక ఎందుకు మాటలు, నువ్వూ సీబా భూమి పంచుకోండి అన్నాడు.

నాకు ఈ చెరిసగం మీద చాలా కోపం. మన పెద్దమనుషుల రాజీలన్నీ ఇలాగే ఉంటాయి. "ఇద్దరిదీ తప్పే, ఇద్దరూ చేతులు కలపండి, ప్రార్థన చేసుకుందాం." అబద్ధం చెప్పినవాడికి సగం ఆస్తి మిగిలింది, నిజం చెప్పినవాడికి సగం పోయింది, పైగా దీనికి సమాధానం, అంటే శాంతి, అని పేరు. మనం ముందు చెప్పిన మాట తప్పని ఒప్పుకోవడం ఇష్టంలేక చేసే రాజీ ఇది. మీరు పెద్దలైతే చేతులు కలిపించే ముందు నిజం తేల్చండి. తేల్చే ఓపిక లేకపోతే పంచాయతీకి కూర్చోకండి.

ఎంక్వైరీకి కూర్చునేముందు నేను ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకుంటాను. ఈ మాట నిజమైతే చెప్పినవాళ్లకు ఏం లాభం? నాకు ఈ మనిషంటే ముందే ఇష్టమా, కోపమా? నేను ఈ రోజు సరిగ్గా తిని, నిద్రపోయి వచ్చానా? మూడోది చదివి నవ్వేవాళ్లు ఉంటారు. రాత్రి పదకొండింటికి, ఆకలితో, ఉక్కపోతలో కూర్చున్న కమిటీ చెప్పిన తీర్పులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

పని వరకే, మనసు జోలికి వద్దు

మందిరంలో లోలోపల ప్రార్థన చేసుకుంటున్న హన్నాను చూసి ఏలీ యాజకుడు తాగి వచ్చిందనుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు, అది మాత్రమే నిజం. మత్తు అనేది ఆయన కలుపుకున్నది. మనం రోజూ ఇదే చేస్తాం. "పలకరిస్తే తల తిప్పుకుంది" అన్నది కంటితో చూసింది. "పొగరు" అన్నది కలుపుకున్నది. "మూడు నెలలుగా బల్లలో చేయి వేయడం లేదు" (ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం లేదు) అన్నది చూసింది. "ఏదో పాపంలో ఉంది" అన్నది కలుపుకున్నది. ఆవిడ అత్తగారు మంచంలో ఉండి, ఆరాధన మధ్యలోనే ఇంటికి పరుగెత్తాల్సి వస్తోందేమో, వెళ్లి ఒకసారి చూడండి.

ఎవరి గురించైనా మాట్లాడేముందు ఈ రెంటినీ విడదీయడం అలవాటు చేసుకోండి. ఏం చేశాడన్నదానికి సాక్ష్యం తేవచ్చు. ఎందుకు చేశాడన్నది అతన్ని అడిగితేనే తెలుస్తుంది, అప్పుడు కూడా పూర్తిగా తెలియదు. హృదయాన్ని లక్ష్యపెట్టేది యెహోవా అని 1 సమూయేలు 16:7 చెబుతోంది. ఆ పని ఆయనకు వదిలేయండి.

నగలు, పువ్వులు, సినిమాలు, తెల్లచీర లాంటి గొడవలకు ఎక్కువ కాగితం ఖర్చు చేయను. లూథరన్ ఇంటి నుంచి ఇవి వద్దనే పెంతెకొస్తు ఇంటికి కోడలు వెళ్తే మొదలయ్యే రగడ ఇది. రోమా 14 చదవండి. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. మెడలో గొలుసుకు అసలు కమిటీ మీటింగే అక్కర్లేదు.

ఎవరి మాట ముందే నమ్ముతున్నాం?

బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి కుర్చీ, మురికిబట్టలవాడికి నేల అని యాకోబు రెండో అధ్యాయంలో రాశాడు. మన మందిరాల్లో అది ప్లాస్టిక్ కుర్చీలు, చాపల దాకానే ఆగదు. మాట విలువలోనూ ఉంటుంది. అమెరికాలో కొడుకు ఉన్నాయన చెబితే సంగతి, కూలికి వెళ్లే అమ్మ చెబితే పుకారు. ఇంకో మాట కూడా చెప్పాలి, మనవాళ్లకు నచ్చదు. మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని మందిరం లోపల అనం. కానీ "ఆ పేటవాళ్లు అంతే" అంటాం. పేట పేరు చెప్పగానే ఎవరికి ఏం అర్థమవ్వాలో అది అర్థమవుతుంది. పేరు కూడా అడగకుండా వచ్చిన తీర్పు అది.

లేవీయకాండం 19:15 రెండు వైపులా కాపలా పెట్టింది. గొప్పవాడని అభిమానం చూపొద్దంది, బీదవాడని పక్షపాతం చేయొద్దని కూడా అంది. జాలి మీద అబద్ధాన్ని నిజం చేయడానికీ వీల్లేదు. నేను చేసే పరీక్ష చాలా సులువు. ఇదే పని నా తమ్ముడు చేసి ఉంటే ఏమనేవాణ్ణి? నాకు గిట్టనివాడు చేసి ఉంటే? రెండు జవాబులూ ఒకటి కాకపోతే నా తీర్పు ఇంకా సిద్ధం కాలేదు.

అయ్యగారి మీద, అంటే పాస్టరుగారి మీద, మాట వస్తే? 1 తిమోతి 5:19 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద నింద తీసుకోకూడదు. అయ్యగార్లు ఆ వచనం బాగా చదువుతారు. తర్వాతి వచనంలో, పాపం చేసినవాళ్లను అందరి ముందూ గద్దించమని ఉంది. రెండూ కలిపి చదవాలి.

కమిటీలో పెట్టకూడనివి

పిల్లల మీద అఘాయిత్యం, భార్యను కొట్టడం, అత్యాచారం. వీటికి ఒంటరిగా వెళ్లి మాట్లాడే పద్ధతి, చేతులు కలిపించే పద్ధతి పనికిరావు. దెబ్బలు తిన్న అమ్మాయిని "ముందు నువ్వే ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడు, మత్తయి 18 అదే చెబుతోంది" అనడం వాక్యాన్ని ఆయుధం చేయడమే. నాలుగు గోడల మధ్య జరిగినదానికి "ఇద్దరు సాక్షులేరి?" అని అడక్కండి. ఒంటి మీద దెబ్బలు, ఆసుపత్రి చీటీ, ఫోన్లో మెసేజీలు కూడా మాట్లాడతాయి. అత్యవసరమైతే 112కు, మహిళలకు 181కి, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయండి. పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలో ఉంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. సంఘం పరువు పోతుందని ఆపే పెద్దకు ఆ సెక్షన్ చదివి వినిపించండి. కోర్టు తీర్పు వచ్చేదాకా అతను నేరస్తుడని మీరు ప్రకటించనక్కర్లేదు. ఆ లోపు అతన్ని సండే స్కూల్లో పిల్లల దగ్గర ఉంచనూ కూడదు.

తేలాక

తప్పు తేలితే గలతీ 6:1 ఉంది, సాత్వికమైన మనసుతో దారికి తేవాలి. చేసిన పనికి తగినంతే శిక్ష ఉండాలి, దానికి గడువు ఉండాలి. "ఆరు నెలలు క్వాయర్ నుంచి ఆగు, డబ్బు ఫలానా తేదీలోగా కట్టు" అంటే మనిషికి ఒక దారి కనిపిస్తుంది. గడువు చెప్పకుండా పక్కన పెడితే అతను పక్క సంఘానికి పోతాడు, లేదా ఏ సంఘానికీ పోడు. సువార్త ప్రయాణంలో మధ్యలో వదిలి వెళ్లాడని పౌలు మార్కును వద్దన్నాడు, ఆ మాట మీదే తన జతపనివాడు బర్నబాతో విడిపోయాడు. ఏళ్ల తర్వాత తిమోతికి రాస్తూ మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, తన పనికి అతను ఉపయోగపడతాడని. పాత మినిట్స్ పుస్తకంలో ఉన్న పేరును పట్టుకుని మనిషిని జీవితాంతం కొలవకండి.

తప్పు లేదని తేలితే? ఇక్కడే అందరూ జారిపోతారు. నింద మైకులో వచ్చి, నిర్దోషి అన్న మాట చెవిలో చెబితే ఎలా? మాట ఎక్కడ పాకిందో అక్కడే చెప్పాలి. గ్రూపులో తిరిగితే గ్రూపులో రాయాలి, ఆదివారం అన్నది ఆదివారమే అనాలి, ఆ మనిషి కుటుంబం ఎదురుగా.

తేలకపోతే

కొన్ని ఎంత అడిగినా తేలవు. అప్పుడు మినిట్స్‌లో "రుజువు కాలేదు" అని రాసి సంతకాలు పెట్టండి. అనుమానాన్ని తీర్పుగా రాయకండి. కానీ చేతులు కట్టుకుని కూర్చోవద్దు, అనుమానం పుట్టిన పద్ధతిని మార్చండి.

మా ఒంగోలు చరిత్రలో దీనికి మంచి పాఠం ఉంది. 1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు పని చూపించాడు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతున్నారు. వీళ్లు నమ్మి వస్తున్నారా, గింజల కోసం వస్తున్నారా అని ఒక్కొక్కరి గుండె కోసి చూడలేడు కదా. సహాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఎవరినీ వేషధారి అని అనాల్సిన అవసరం లేకుండా చేశాడు, ఎవరినీ గుడ్డిగా నమ్మనూ లేదు.

మా కోత పండుగకూ అదే దారి పట్టాం. ఇప్పుడు వేలంపాట పుస్తకం ఇద్దరు రాస్తారు, ఒక యూత్ కుర్రాడు, ఒక స్త్రీల సమాజం అక్క. పాడినవాళ్లు అక్కడే పుస్తకంలో సంతకం పెడతారు, వెళ్లేముందు రసీదో బాకీ చీటీయో తీసుకుంటారు. మైకులో రెండు అంకెలు చదువుతాం: పాడినది ఎంత, చేతికొచ్చినది ఎంత. కానుకల పెట్టె తెరిచేటప్పుడు ఒకే ఇంటివాళ్లు ఇద్దరు లెక్కకు కూర్చోరు. బాకీ మొత్తం పేర్లు లేకుండా ప్రతి నెలా నోటీసు బోర్డులో పెడతాం. ఫోన్‌పే పిల్లలకు మాత్రం నేనే ఫోన్ చేస్తాను, ఆదివారం మధ్యాహ్నం, వాళ్లు బిర్యానీ తిని మంచి మూడ్‌లో ఉన్నప్పుడు.